లాసెట్ నుంచి మొదటి వాయిదా దాకా

న్యాయవాద వృత్తి గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో తొమ్మిదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సందేహాన్ని చాలామంది అడిగినచోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాం.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. లా చేయాలని ఉంది. ఐదేళ్ల కోర్సు మంచిదా, డిగ్రీ అయ్యాక మూడేళ్లది మంచిదా? క్లాట్, లాసెట్ రెండూ రాయాలా? – విద్యార్థిని, తెనాలి

సనదు (న్యాయవాదిగా నమోదైనట్టు ఇచ్చే పత్రం) ఇచ్చేటప్పుడు న్యాయవాదుల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ రెండింటినీ సమానంగానే చూస్తుంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరితే ఐదేళ్లు, డిగ్రీ చేసి వస్తే ఆరేళ్లు. లా చేయాలని ఇప్పుడే గట్టిగా అనుకుంటుంటే ఐదేళ్లదే మేలు. ఆ నిర్ణయం మీది కాక ఇంట్లోవాళ్లది అయితే మాత్రం ముందు డిగ్రీ చేయండి. ఐదేళ్ల కోర్సును మధ్యలో వదిలేస్తే చేతిలో ఏ పట్టా లేకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

పరీక్షలు రెండూ రాయండి. లాసెట్ రాష్ట్రంలోని లా కాలేజీలకు, క్లాట్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు ప్రవేశ పరీక్ష. వాటికి తయారయ్యే తీరు మాత్రం వేరు. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు చేయాలి. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అభిరుచికి 60 ప్రశ్నలుంటాయి. తప్పు జవాబుకు మార్కులు పోవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. అర్హత మార్కు 35 శాతం, అంటే 42. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కు నిబంధన లేదు. రాజ్యాంగంలోని ముఖ్యమైన అధికరణలు, టార్ట్స్ (నష్టపరిహారం కోరదగ్గ పౌర తప్పులు), కాంట్రాక్ట్, క్రిమినల్ చట్టాల ప్రాథమిక సూత్రాలు బాగా వస్తే ఆ 60 మార్కుల భాగంలోనే ర్యాంకు తేలిపోతుంది.

క్లాట్‌లోనూ 120 ప్రశ్నలే, సమయం రెండు గంటలు. ప్రతి తప్పుకూ పావు మార్కు పోతుంది. పెద్ద పేరాలిచ్చి వాటి మీద ప్రశ్నలడుగుతారు, పరీక్ష పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంటుంది. హైదరాబాద్ శివార్లలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ ర్యాంకుతోనే చేర్చుకుంటాయి. క్లాట్‌కు బట్టీ పట్టిన చట్టం పనికిరాదు. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి, అందులో రచయిత వాదన ఏమిటో రెండు వాక్యాల్లో రాయగలిగితే సగం తయారైనట్టే.

కాలేజీ ఎంచుకునే ముందు ఒక పని తప్పకుండా చేయండి. ఆ కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం ఏ విద్యాసంవత్సరం వరకు ఉందో ఆ పత్రం అడిగి చూడండి. యూనివర్సిటీ అఫిలియేషన్ ఉంది కదా అని ఊరుకోకండి. ఆమోదం రెన్యువల్ కాని సంవత్సరాల్లో చేరినవాళ్లకు ఇబ్బంది మొదలయ్యేది చదువంతా అయి ఎన్‌రోల్‌మెంట్‌కు వెళ్లినప్పుడు.

వయసు 41. ప్రభుత్వ ఉద్యోగిని. టెన్త్ తర్వాత ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీ అర్హత పరీక్ష రాసి డిగ్రీ చేశాను. సాయంత్రం కాలేజీలో ఎల్‌ఎల్‌బీ చేసి, ఉద్యోగం చేస్తూనే ప్రాక్టీసు పెట్టుకోవచ్చా? – కరీంనగర్

మీ వయసు అడ్డు కాదు. 45 ఏళ్లు దాటినవారిని ఎన్‌రోల్ చేయకూడదన్న నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది. మీకు అడ్డు మీ డిగ్రీ. బార్ కౌన్సిల్ 2008 న్యాయవిద్యా నిబంధనల ప్రకారం టెన్త్, ఇంటర్, డిగ్రీ ఆ వరుసలోనే ఉండాలి. దూరవిద్యలో చదివినా ఫర్వాలేదు. కానీ ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవారు లా కోర్సుకు అర్హులు కారు. లాసెట్‌లో ర్యాంకు వచ్చినా సర్టిఫికెట్ల పరిశీలనలో ఇది బయటపడుతుంది. అప్పుడు కాకపోతే ఎన్‌రోల్‌మెంట్ దగ్గర బయటపడుతుంది. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఈ విషయం తేల్చుకోండి.

అర్హత ఉన్న మిగతా ఉద్యోగుల కోసం మరో రెండు మాటలు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి, తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే నడవాలి. ‘హాజరు మేం చూసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు’ అనే కాలేజీ మాట నమ్మకండి. బయోమెట్రిక్ హాజరు పెట్టాలనీ, ఉద్యోగంలో ఉన్నవారి నుంచి యజమాని ఇచ్చిన అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలనీ 2024లో బార్ కౌన్సిల్ కాలేజీలకు ఆదేశాలిచ్చింది. ఇక పూర్తికాలపు జీతం తీసుకుంటూ కోర్టులో ప్రాక్టీసు చేయడం కుదరదు, బార్ కౌన్సిల్ 49వ నియమం దాన్ని స్పష్టంగా నిషేధించింది. చదువు ఇప్పుడు పూర్తిచేసి, రిటైరయ్యాక సనదు తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఎల్‌ఎల్‌బీ పూర్తయింది. ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు అవుతుందంటున్నారు. నిజమా? బార్ ఎగ్జామ్ ఎప్పుడు రాయాలి? – కర్నూలు

అడ్వొకేట్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. రకరకాల పేర్లతో అంతకు మించి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ ఫీజు కూడా వేరు.

కాగితాల్లో తరచూ వచ్చే తకరారు పేరు. టెన్త్ మెమోలో ఇంటి పేరు పూర్తిగా, డిగ్రీలో పొడి అక్షరంగా, ఆధార్‌లో చివరన ఉంటుంది. మూడూ ఒకే వ్యక్తివని అఫిడవిట్ వేయాల్సి వస్తుంది. పెళ్లయ్యాక ఇంటి పేరు మార్చుకున్న అమ్మాయిలు దీన్ని ముందే సరిచూసుకోవాలి. సనదు మీద పేరు ఎలా పడితే రేపు జడ్జి పోస్టు దరఖాస్తులోనూ అదే కావాలి.

బార్ ఎగ్జామ్‌ను ఎన్‌రోల్ అయిన రెండేళ్లలో పాసవ్వాలి. ఆఖరి సెమిస్టర్ విద్యార్థులను కూడా రాయనివ్వాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. 100 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు. జనరల్, ఓబీసీ వారికి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్. నోట్స్, వ్యాఖ్యానం లేని బేర్ యాక్టులు (చట్టం మూలపాఠం ఉన్న పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు. అందుకే చాలామంది చదవకుండా వెళ్లి, పుస్తకంలో సెక్షన్ వెతకడంలోనే సమయం పోగొట్టుకుని తప్పుతున్నారు. సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ ప్రొసీజర్, సాక్ష్యం, రాజ్యాంగం, ఈ నాలుగింటిలో ఏ అధ్యాయం ఎక్కడుందో వేళ్లకు తెలిసేటట్టు ముందే తిరగేసి ఉండాలి.

అన్నయ్య చదివిన ఐపీసీ, సీఆర్‌పీసీ పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. కొత్తవి కొనాలా? – అనంతపురం

కొనాలి. పాతవి పారేయకూడదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టుల స్థానంలో వరుసగా భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరాలకు శిక్ష ఇప్పటికీ ఐపీసీ కిందే. ఆ కేసులు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి, అప్పీళ్లు మరికొన్నేళ్లు. ఎక్కువగా తగిలేవి ముందు గుర్తుపెట్టుకోండి: 302 (హత్య) ఇప్పుడు 103, 420 (మోసం) ఇప్పుడు 318(4), 498-ఎ (భార్యపై వేధింపులు) ఇప్పుడు 85. ముందస్తు బెయిలు 438 నుంచి 482కు మారింది. పాత చట్టంలో 482 అంటే హైకోర్టు స్వతఃసిద్ధ అధికారం, అది ఇప్పుడు 528. కొత్తగా డ్రాఫ్టు రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ 482 దగ్గరే.

ఎన్‌రోల్ అయి ఎనిమిది నెలలైంది. సీనియర్ గారి ఆఫీసులో రోజూ వాయిదాలు అడగడం తప్ప ఏమీ నేర్చుకుంటున్నట్టు లేదు. ఆఫీసు మారాలా? – జూనియర్ న్యాయవాది, ఖమ్మం

ఎనిమిది నెలలకే మారకండి. వాయిదా అడగడంలో కూడా పని ఉంది. అది మీరు చేస్తున్నారో లేదో ముందు చూసుకోండి.

ఉదయం పదిన్నరకు కాల్ వర్క్ (లిస్టులోని కేసులను వరుసగా పిలవడం) మొదలయ్యేసరికి, లిస్టులో ఉన్న మీ ఆఫీసు కేసులు ప్రతిదాంట్లో మూడు సంగతులు మీకు నోటికి రావాలి: కేసు ఏ దశలో ఉంది, ఇవాళ దేనికోసం పోస్టయింది, పోయిన వాయిదాకు ఏం జరిగింది. ఇవి తెలియకుండా ‘టైం కావాలండీ’ అని నిలబడితే, రాత మూలక జవాబు దాఖలుకు ఇదే ఆఖరి అవకాశమని పోయినసారి కోర్టు చెప్పిన సంగతి మీకు తెలియదు. కేసు ఎక్స్‌పార్టీ (మీ పక్షం లేకుండానే విచారణ) అయిపోతుంది. ఎక్స్‌పార్టీ డిక్రీని తీసేయించడానికైనా, డిఫాల్టుగా కొట్టేసిన దావాను తిరిగి తెప్పించడానికైనా గడువు 30 రోజులే. ఆ పిటిషన్ రాసే పనీ మీ మీదే పడుతుంది. ముందురోజు రాత్రి ఈకోర్ట్స్ యాప్‌లో కేసుల దశ చూసి, కట్ట తెరిచి ఆఖరి డాకెట్ ఆర్డరు (ఆ వాయిదాకు కోర్టు రాసిన ఉత్తర్వు) చదవండి. ఒక్కో ఫైలుకు ఐదు నిమిషాలు చాలు.

ఇక మీ సొంత డైరీ. వాయిదా తేదీలు రాసుకునేది ఆఫీసు డైరీ. మీరు వేరే పుస్తకంలో గడువు తేదీలు రాసుకోండి. చెక్కు కేసు తీసుకోండి. చెక్కు వాపసైనట్టు బ్యాంకు మెమో మార్చి 3న క్లయింటుకు అందిందనుకుందాం. నోటీసు ఏప్రిల్ 2 లోపు పంపాలి. ఎదుటివాడికి అది ఏప్రిల్ 10న అందితే, డబ్బు కట్టడానికి అతనికి 15 రోజులు, అంటే 25 వరకు. 26న దావా కారణం పుడుతుంది. ఫిర్యాదు మే 26 లోపు పడాలి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి ఆ ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగవచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ దారి లేదు, కేసే పోతుంది. క్లయింటు ‘ఇస్తానంటున్నాడు సార్, ఇంకో వారం చూద్దాం’ అన్నప్పుడు ఆ వారం ఎక్కడ పడుతుందో లెక్కగట్టి చెప్పాల్సింది ఆఫీసులో మీరే. ఎదుటివాడు మళ్లీ మళ్లీ మాట ఇస్తూ గడువు దాటించిన కేసులు ప్రతి కోర్టులోనూ కనిపిస్తాయి.

ప్రామిసరీ నోటు వస్తే ముందు వెనక్కి తిప్పి చూడండి. చెల్లు (బాకీలో కొంత కట్టినట్టు రాత) ఏదైనా రాసి ఉంటే, దాని కింద బాకీదారు సంతకం ఉందా, ఆ తేదీ నోటు రాసిన మూడేళ్ల లోపేనా చూడాలి. మూడేళ్లు దాటాక రాసిన చెల్లు గడువును బతికించదు. ముందువైపు రెవెన్యూ స్టాంపు సరిగ్గా లేకపోతే తర్వాత పెనాల్టీ కట్టి సరిచేసుకునే వీలు ప్రామిసరీ నోటుకు లేదు, అది సాక్ష్యంలోకే రాదు. స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అమ్మకపు అగ్రిమెంటు సంగతి వేరు. దానికి రెండు రాష్ట్రాల్లోనూ అమ్మకపు దస్తావేజుకు పడినంత స్టాంపు డ్యూటీ పడుతుంది. తక్కువుంటే డ్యూటీ, పెనాల్టీ కట్టి బయటపడవచ్చు. ఇది దావా వేసేటప్పుడే క్లయింటుకు చెప్పాలి. సాక్షి బోనెక్కాక అవతలి న్యాయవాది అభ్యంతరం చెప్పినప్పుడు తెలిస్తే, మీ ఆఫీసు మీద క్లయింటుకున్న నమ్మకం పోతుంది.

భూమి దావాల్లో ప్లయింటు (దావా పత్రం) కంటే షెడ్యూలు (ఆస్తి వివరాల పట్టిక) రాయడం కష్టం. దాన్ని ఎవరూ నేర్పరు. తెలంగాణ పాత పహాణీలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అడంగల్‌లో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4. మీది ఖమ్మం, పక్కనే ఉన్న ఎన్టీఆర్ జిల్లా భూములూ మీ క్లయింట్లకు ఉంటాయి కాబట్టి ఈ తేడా మీకు తరచూ తగులుతుంది. నాలుగు హద్దులనూ దస్తావేజులో ఉన్నట్టే దించకండి. ఇరవై ఏళ్ల కిందటి దస్తావేజులో తూర్పున ఉన్న రైతు ఈపాటికి భూమి అమ్మేసి ఉండవచ్చు. పాత హద్దు రాసి, ప్రస్తుతం ఎవరిదో కూడా రాయండి. షెడ్యూలు తప్పితే దావా గెలిచినా అమలు పిటిషన్‌లో అమీను (కోర్టు ఉత్తర్వులు అమలుచేసే ఉద్యోగి) పొలం దగ్గరికి వెళ్లి ‘ఇది అది కాదు’ అని తిరిగొస్తాడు.

కాపీ అప్లికేషన్ విషయం కూడా ఇందులోనే చెప్పాలి. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ తయారుకావడానికి పట్టిన రోజులు అప్పీలు గడువులో లెక్కలోకి రావు. మీరు దరఖాస్తు పెట్టకుండా గడిపిన రోజులు వస్తాయి. జిల్లా కోర్టుకు అప్పీలుకు 30 రోజులే ఉంటుంది.

మధ్యాహ్నం మీ కేసులు అయిపోయాక క్యాంటీన్‌కు వెళ్లకుండా, క్రాస్ ఎగ్జామినేషన్ బాగా చేస్తారని పేరున్నవారి కేసు ఏ హాల్లో ఉందో కనుక్కుని వెనక కూర్చోండి. అడిగిన ప్రశ్నలకంటే అడగకుండా వదిలేసినవి గమనించండి.

ఏడాది దాటాక ఒకటి చూడండి. సీనియర్ గారు మీకు ఫైళ్లు చదవనిస్తున్నారా, మీరు రాసిన డ్రాఫ్టులు దిద్దుతున్నారా? ఎర్ర ఇంకుతో కొట్టేసినా సరే, దిద్దితే చాలు, అక్కడే ఉండండి. చదవనివ్వక, దిద్దక, బ్యాంకు పనులకూ పిల్లల స్కూలుకూ పంపుతుంటే మర్యాదగా చెప్పి మారండి. మారేటప్పుడు ఆ ఆఫీసు క్లయింట్ల ఫోన్ నంబర్లు వెంట తీసుకెళ్లకండి. బార్ చిన్నది, ఆ మాట మీకంటే ముందు కొత్త ఆఫీసుకు చేరుతుంది.

పదో తరగతి నుంచి డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు భయంతో ఈ వృత్తిలోకి రావడానికి జంకుతున్నాను. – శ్రీకాకుళం

జిల్లా కోర్టులో సాక్షి తెలుగులో మాట్లాడతాడు, దస్తావేజులు తెలుగులో ఉంటాయి, పోలీసులు రాసుకున్న వాంగ్మూలాలు తెలుగులో ఉంటాయి. దఖలు దస్తావేజు, పారికత్తు (పంపకాల పత్రం), సాదా బైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు అమ్మకపు పత్రం) చదివి తాత్పర్యం పట్టుకోలేక ఇంగ్లీషు మీడియం జూనియర్లు తడబడుతున్నారు. అక్కడ మీది పైచేయి. హైకోర్టులో మాత్రం రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం ఇంగ్లీషే. కింది కోర్టుల్లోనూ డ్రాఫ్టింగ్, తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తున్నాయి. దాన్ని తప్పించుకోలేరు.

స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకు డబ్బు పోయకండి. కోర్టు ఇంగ్లీషు చాలా ఇరుకైన భాష, ఒకే వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి. డబ్బు దావా ప్లయింటు, ఇంజంక్షన్ అఫిడవిట్, రాత మూలక జవాబు, బెయిలు పిటిషన్, భరణం పిటిషన్, ఈ ఐదింటికి మంచి నమూనాలు సంపాదించండి. ఒక్కోదాన్ని చేత్తో మూడుసార్లు ఎత్తిరాయండి. నాలుగోసారి నమూనా మూసేసి వేరే వాస్తవాలతో రాయండి. టైపు చేసి అతికించడం మొదలుపెడితే మాత్రం ఎప్పటికీ రాదు. పాత ఫైల్లోని పేరు, ఊరు కొత్త అఫిడవిట్‌లో మిగిలిపోయి, కోర్టు ఆఫీసు అభ్యంతరంతో తిప్పి పంపడం అక్కడే మొదలవుతుంది.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష లా అవగానే రాయవచ్చా? అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకో? – నల్గొండ

లా అవగానే జడ్జి పరీక్ష రాసే వీలు 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. ఆ కాలాన్ని ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్కిస్తారు, జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా కలుస్తుంది. ప్రాక్టీసు చేసినట్టు సర్టిఫికెట్ పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చి, దాన్ని న్యాయాధికారి ధ్రువీకరించాలి. కాబట్టి సనదు తీసుకుని కోచింగ్ సెంటర్లో కూర్చుంటే చిక్కొస్తుంది. మొదటి రోజు నుంచే వకాలత్‌లో (క్లయింటు తన తరఫున వాదించమని ఇచ్చే అధికార పత్రంలో) మీ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాయించుకోండి. మీరు హాజరైనట్టున్న ఆర్డర్ల కాపీలు ఏడాదివారీగా దాచండి. దరఖాస్తు పెట్టేముందు నోటిఫికేషన్‌లో ఈ షరతు ఎలా రాశారో ఒక్కో పదం చదవండి.

పరీక్షలో స్క్రీనింగ్ టెస్టు, రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. రాత పరీక్షలో సివిల్, క్రిమినల్ పేపర్లతో పాటు అనువాదం, వ్యాసం ఉండే ఇంగ్లీషు పేపరు ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకుని పోగొట్టుకునేవారే ఎక్కువ. రోజూ ఒక సాక్షి వాంగ్మూలాన్ని తెలుగు నుంచి ఇంగ్లీషుకు మార్చడం అలవాటు చేసుకోండి.

ప్రాసిక్యూటర్ పోస్టుకూ క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు నియామక మండలి ద్వారా భర్తీ చేస్తారు. ఈ మూడేళ్లలో ట్రయల్ పని గట్టిగా నేర్చుకోవాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలోని లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థను చూడండి. అసిస్టెంట్ స్థాయిలో మూడేళ్ల లోపు అనుభవమున్నవారిని తీసుకుంటారు. నెలవారీ పారితోషికం ఉంటుంది, ప్రైవేటు కేసులు మాత్రం తీసుకోకూడదు.

అమ్మాయి లా పూర్తి చేసింది. జూనియర్‌కు జీతం ఉండదంటున్నారు. ఎన్నాళ్లు మేం పోషించాలి? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సీనియర్లకు సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. చాలా ఆఫీసుల్లో అంత రాదు. అందుకని మీ ఇంటి లెక్కలో కనీసం రెండేళ్లు పెట్టుకోండి, మూడేళ్లయితే నిశ్చింత. చేరేముందే ఎంత ఇస్తారో అమ్మాయి నేరుగా అడగాలి. అడగడం అమర్యాద కాదు, అడగకపోతే ప్రయాణ ఖర్చులు కూడా చేతి నుంచే పెట్టుకోవాల్సి వస్తుంది. ఖర్చుల కోసం మధ్యలో పూర్తికాలపు ఉద్యోగంలో చేరాల్సి వస్తే, బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు నిలిపివేయించుకోవాలి. చెప్పకుండా రెండూ నడిపితే క్రమశిక్షణ చర్య వస్తుంది.

కాలేజీ గొడవలో నా మీద ఒక క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంది. ఎన్‌రోల్‌మెంట్ ఫారంలో రాయాలా? – వరంగల్

రాయండి. అడ్వొకేట్స్ చట్టం 24-ఎ ప్రకారం అడ్డయ్యేది నైతిక పతనానికి సంబంధించిన నేరంలో శిక్ష పడటం, అదీ విడుదలైన రెండేళ్ల వరకే. కేసు పెండింగ్‌లో ఉండటమే అనర్హత కాదు. దాచిపెట్టి సనదు తీసుకుంటే, ముఖ్యమైన వాస్తవాన్ని తప్పుగా చూపారన్న కారణంతో 26వ సెక్షన్ కింద రోల్ (న్యాయవాదుల జాబితా) నుంచి పేరు తీసేయవచ్చు. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు కాపీలు, కేసు ఏ దశలో ఉందో చెప్పే ఒక పేజీ వివరణ దరఖాస్తుతో జతచేయండి. రాజీకి వీలున్న సెక్షన్లయితే ఫిర్యాదుదారుతో మాట్లాడుకుని, లోక్ అదాలత్‌లో ముగించుకున్నాక దరఖాస్తు పెట్టినా ఆలస్యం కొన్ని నెలలే.